అమ్మించడం వేరు, నేర్పించడం వేరు

వేసవి వస్తే చాలు, కామర్స్, మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఒకే మాట చెవిన పడుతుంది: బ్యాంకింగ్ పుస్తకాల్లో దొరకదు, ఎండలో తిరిగితేనే వస్తుంది. బ్యాంకు శాఖకు ఇంటర్న్‌గా వెళ్లిన విద్యార్థికి ఇన్ని ఖాతాలు, ఇన్ని క్రెడిట్ కార్డులు, ఇన్ని బీమా పాలసీలు అని టార్గెట్ పెట్టడంలో తప్పేమీ లేదనీ, అసలు చదువు అదేననీ ఈ మాటకు తాత్పర్యం. మేనేజర్లు అంటారు, అధ్యాపకులు అంటారు, ఇంట్లో నాన్న కూడా అంటాడు. ఇందరు అనేసరికి అది లోకజ్ఞానంలా స్థిరపడిపోయింది.

ఆ వాదాన్ని పూర్తిగా విందాం. రిటైల్ బ్యాంకింగ్ అంటే జనంతో వ్యవహారం. డిపాజిట్ తెచ్చేవాడు లేకపోతే రుణమిచ్చేవాడూ లేడు. తరగతిలో నోరు విప్పని కుర్రాడు నలుగురి చేత "వద్దు, వెళ్లు" అనిపించుకుంటే రాటుదేలతాడు. ఖాతాల సమాచారం గోప్యం కాబట్టి బ్యాంకు కంప్యూటర్ ముందు విద్యార్థిని కూర్చోబెట్టలేరు. ఇవ్వగలిగిన పని అమ్మకమే. నేర్చుకోవడానికి వచ్చినవాడు డబ్బు అడగడం మర్యాద కాదు. పైగా టార్గెట్ దాటినవాడికి అక్కడే ఉద్యోగం దొరకవచ్చు.

వినడానికి పొందికగానే ఉంది. నేను ఎంబీఏ చదువుతూ గుంటూరులో ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలో సరిగ్గా ఇలాంటి ఇంటర్న్‌షిప్ చేశాను. ఆ బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. వేరే బ్యాంకులకు వెళ్లిన మా తరగతివాళ్లు చెప్పిన కథ కూడా ఇదే కాబట్టి, దీన్ని ఒక శాఖ దోషంగా చూడలేం. ఈ వాదంలోని అంశాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే ఏదీ నిలవదు.

1. అమ్మకం బ్యాంకింగ్‌కు గుమ్మం మాత్రమే

ఖాతా తెరిపించడంతో బ్యాంకు పని ముగియదు, అక్కడ మొదలవుతుంది. వచ్చిన డబ్బును ఎవరికి అప్పివ్వాలి? ఎంత ఇవ్వాలి? తిరిగి రాకపోతే దారేమిటి? ఖాతాదారు చనిపోతే ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లాలి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడు బ్యాంకరు.

మన శాఖల్లో రోజూ నడిచే బంగారం తాకట్టు అప్పునే తీసుకోండి. అప్రైజర్ గీటురాయి మీద గీసి చూస్తాడు, రాళ్ల బరువు తీసేసి నికర బరువు కడతాడు. ఆ విలువలో ఎంత వరకు అప్పివ్వచ్చన్నది రిజర్వు బ్యాంకు నిర్ణయిస్తుంది. 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో రెండున్నర లక్షల దాకా అప్పుకు 85 శాతం, ఐదు లక్షల దాకా 80, ఆపైన 75 అని పెట్టింది. చిన్న అప్పుకు ఎందుకు వెసులుబాటు ఇచ్చారు? బంగారం ధర పడిపోతే ఏమవుతుంది? ఈ మూడు అంకెల చుట్టూ ఒక సెమిస్టరు పాఠం ఉంది. ఆస్తి హామీ లేకుండా అప్పిచ్చే విద్య చూడాలంటే డ్వాక్రా సంఘం పుస్తకాలు తిరగేయాలి. నాబార్డు 1992లో మొదలుపెట్టిన, పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే అనుసంధానం తెలుగు పల్లెల్లో బాగా వేళ్లూనుకుంది. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, సభ్యుల మధ్య అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన లెక్కలు: ఈ అయిదు సూత్రాలూ చూసి సంఘం పరపతిని అంచనా కడతారు. భర్త చనిపోయి క్లెయిముకు వచ్చిన మనిషితో మాట్లాడాలంటే, నామినీకి డబ్బు తీసుకునే హక్కు ఉన్నంత మాత్రాన అది ఆమె సొంతమైపోదనీ, వారసుల వాటా అలాగే ఉంటుందనీ తెలియాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చన్న సంగతీ తెలియాలి.

బంగారం అప్పు, డ్వాక్రా, క్లెయిములు: నా ఇంటర్న్‌షిప్‌లో ఈ మూడు బల్లల దగ్గరా నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. పొద్దున ఫోన్ నంబర్ల జాబితా చేతికిచ్చేవారు. మధ్యాహ్నం రైతుబజారు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని నిలబడాలి. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఆ రోజు సంఖ్య పెట్టాలి. సున్నా పెట్టినవాడికి అందరి ముందూ అక్షింతలు. మందుల కొట్టు ముందు కరపత్రాలు పంచినవాణ్ని ఫార్మసీ చదివాడని ఎవరూ అనరు. ఇక్కడ మాత్రం అదే పనికి రిటైల్ బ్యాంకింగ్ అని సర్టిఫికెట్ ఇస్తున్నారు.

2. గోప్యత వాదం తన కాళ్లు తనే నరుక్కుంటుంది

ఖాతాదారు వివరాలు గోప్యం, నిజమే. కోర్ బ్యాంకింగ్ ఐడీ విద్యార్థికి ఇవ్వకపోవడం సబబే. కానీ సిస్టంలో ఒక పేరు కూడా చూడకూడని అదే విద్యార్థి, అదే ఖాతాదారు ఆధార్, పాన్, ఫొటో, సంతకం తన సొంత ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపవచ్చట! గోప్యత బ్యాంకు గోడల లోపలే ఉంటుందా, రోడ్డు మీద ఉండదా? ఇంటర్న్‌షిప్ అయిపోయాక ఆ ఫొటోలు చెరిపేశావా అని మాలో ఎవరినీ అడిగినవాళ్లు లేరు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం చేసుకున్న దేశంలో అపరిచితుల గుర్తింపు కాగితాలు విద్యార్థుల ఫోన్ గ్యాలరీల్లో పడి ఉంటున్నాయి. గోప్యత మీద నిజంగా పట్టింపు ఉన్నవాళ్లు మొదట ఆపాల్సింది ఈ పని.

ఇక ఐడీ లేకపోతే నేర్పడానికి ఏమీ లేదన్న మాట చూద్దాం. ఖాతా ఫారంలో ఏ కాగితం దేనికి రుజువో తెలుసుకోవడానికి ఐడీ అక్కర్లేదు. కేవైసీ నిబంధనల్లో ఉపాధి హామీ జాబ్ కార్డు గుర్తింపు పత్రంగా చెల్లుతుంది, పాన్ కార్డు మాత్రం ఆ జాబితాలో లేదు. ఎందుకని? ఈ ఒక్క ప్రశ్న విద్యార్థిని నిబంధనల లోపలికి తీసుకెళ్తుంది. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ టర్మ్ రుణాలకు ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఖాళీ నమూనా చాలు, వడ్డీ రేటుకూ అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుకూ తేడా నేర్పడానికి. పేర్లు తీసేసిన ఫిర్యాదుల పుస్తకం చాలు, ఖాతాదారు ఎక్కడ నలుగుతున్నాడో తెలియడానికి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చని నేర్పడానికీ అదే చాలు. రాయలేని పెద్దవాళ్లకు ఓచరు నింపి పెట్టడం కూడా పాఠమే. ఇవేవీ నేర్పకపోవడానికి అడ్డు గోప్యత కాదు. ఇవి నేర్పితే ఆ రోజు ఎవరి టార్గెట్టూ కదలదు, అంతే.

3. లైసెన్సు లేని నోటికి ఏ విద్య వస్తుంది?

అమ్మితే మాట్లాడటం వస్తుందంటారు. ఏ మాటలు వస్తాయో కూడా చెప్పాలి కదా.

బీమా ఎవరు పడితే వారు అమ్మే సరుకు కాదు. బీమా నియంత్రణ సంస్థ 2015 నిబంధనల ప్రకారం, కార్పొరేట్ ఏజెంటుగా ఉన్న బ్యాంకు తరఫున పాలసీ గురించి మాట్లాడేవాడు స్పెసిఫైడ్ పర్సన్ అయి ఉండాలి. అంటే శిక్షణ పొంది, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తీసుకున్నవాడు. మ్యూచువల్ ఫండ్ సలహా ఇచ్చి అమ్మాలంటే సెక్యూరిటీస్ మార్కెట్ల శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష పాసై, ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర నమోదు కావాలి. వారం కిందట శాఖలో అడుగుపెట్టిన విద్యార్థికి వీటిలో ఏదీ ఉండదు. అయినా అతనికి బీమా టార్గెట్ ఉంటుంది. అతను తెచ్చిన దరఖాస్తు మీద లైసెన్సున్న ఉద్యోగి కోడు పడుతుంది. ఖాతాదారుకు పాలసీ వివరించింది ఒకరు, కాగితం మీద బాధ్యుడు మరొకరు.

అలాంటి చోట నోటికొచ్చే మాటలేమిటి? "ఇది ఎఫ్‌డీ లాంటిదేనండీ, పైన ఇన్సూరెన్స్ ఫ్రీ." ఈ వాక్యం మాకు మొదటి వారంలోనే నేర్పారు. ఎఫ్‌డీ ఒకసారి వేసే డబ్బు, అవసరమైతే కాస్త వడ్డీ వదులుకుని వెనక్కి తీసుకోవచ్చు. ఇలా చెప్పి అమ్మే బీమా పాలసీకి ఏటా ప్రీమియం కట్టాలి, మొదటి ఏళ్లలో వదిలేస్తే కట్టినదంతా తిరిగి రాదు. రిటైరైన మాస్టారు పీఎఫ్ డబ్బు అందులో పెడితే మరుసటి ఏడాది ప్రీమియం నోటీసు వచ్చేదాకా ఆయనకు సంగతి తెలియదు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోగా వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చన్న నిబంధన ఉంది. అది ఆయనకు చెప్పమని మాకెవరూ చెప్పలేదు.

రిజర్వు బ్యాంకు 2014లో ఖాతాదారుల హక్కుల పత్రం ప్రకటించింది. అందులోని అయిదు హక్కుల్లో ఒకటి, మనిషి అవసరానికీ స్తోమతకూ తగిన ఉత్పత్తినే అతనికి అందించాలన్నది. టార్గెట్ బుర్రలో ఉన్నవాడికి ఎదుటి మనిషి అవసరం కనబడదు. ఇక్కడ రాటుదేలేది మాట్లాడే ధైర్యం అనుకుంటున్నారు. చెప్పాల్సింది దాచేసే అలవాటు కూడా దాంతోపాటే రాటుదేలుతోంది.

4. టార్గెట్ కొలిచేది చుట్టరికాన్ని

ఇంటర్న్‌గా చేరిన కుర్రాడు మొదటి ఖాతా ఎవరిది తెస్తాడు? బాబాయిది. రెండోది మేనత్తది. తర్వాత ఎదురింటి ఆంటీ, ట్యూషన్ చెప్పిన మాస్టారు, అన్నయ్య స్నేహితులు. రోడ్డు మీద బల్ల వేసుకుని తెచ్చిన ఖాతాలు ఎన్నో, ఇంటి ఫోన్ బుక్కులోంచి వచ్చినవి ఎన్నో విడదీసి చూడమని ఏ మేనేజరునైనా అడగండి. బ్యాంకుకు ఈ సంగతి బాగా తెలుసు. చేరిన మొదటి రోజే "మీ బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఓ జాబితా రాయండి" అని కాగితం ఇస్తారు.

దీంతో రెండు అన్యాయాలు జరుగుతాయి. మొదటిది విద్యార్థుల మధ్య. మేనమామకు రైస్ మిల్లు ఉన్నవాడు ఒక్క పూటలో టార్గెట్ దాటేస్తాడు. నాన్న ఆటో నడిపే అమ్మాయి రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగినా దాటలేదు. ఆఖరి రోజు ఒకరి సర్టిఫికెట్ మీద అద్భుతం అని రాస్తారు, మరొకరి దాని మీద ఫరవాలేదు అని. ఏ ప్రతిభను కొలిచినట్టు? తండ్రుల పరిచయాలను కొలిచి బిడ్డల సామర్థ్యం అని ముద్ర వేయడమే ఇది.

రెండోది బంధువులకు. బాబాయి సంతకం పెట్టింది బ్యాంకును చూసి కాదు, అన్న కొడుకు మొహం చూసి. కుర్రాడు కాలేజీకి వెళ్లిపోతాడు, ఖాతా మిగిలిపోతుంది. కనీస నిల్వ లేదని ఛార్జీలు మొదలవుతాయి. వాడటం మానేస్తే రెండేళ్లకు నిద్రాణమైపోతుంది. "నీ మాట విని తెరిచాన్రా" అన్న నిష్ఠూరం పండక్కి వెళ్లినప్పుడు విద్యార్థి పడాలి. బ్యాంకు పుస్తకాల్లో ఆ నష్టానికి పద్దు లేదు.

5. ఊరికే చేయించుకోవడానికి చదువు సాకు

నేర్చుకోవడానికి వచ్చి డబ్బు అడగడమేమిటంటారు. ఆ మాటకు విలువ ఉండాలంటే నేర్పడం అనేది అక్కడ జరగాలి. బ్యాంకుకు ఖాతా కావాలి, డిపాజిట్ కావాలి, ప్రీమియం మీద కమిషన్ కావాలి. అవన్నీ విద్యార్థి తెచ్చిపెడుతున్నాడు. బస్సు ఖర్చు, ఫోన్ బిల్లు, మధ్యాహ్నం భోజనం ఇంట్లోంచి తెచ్చుకుంటున్నాడు. ఇక్కడ గురువుకు శిష్యుడు కట్టే ఫీజు కన్నా ఎక్కువే ముడుతోంది.

నేర్చుకునేవాడికి డబ్బివ్వడం వింతేమీ కాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం నేర్చుకునేవాడికి స్టైపెండ్ తప్పనిసరి చేసింది. భారతీయ స్టేట్ బ్యాంకు 2023లో 6,160 మంది అప్రెంటిస్‌లకు ప్రకటన ఇచ్చి, నెలకు రూ.15,000 ఇస్తామంది. 2024 బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం నెలకు రూ.5,000 అంది, పూర్తికాలం చదువుతున్నవాళ్లు మాత్రం దానికి అర్హులు కారంది. మరోపక్క ఆంధ్రప్రదేశ్ 2020-21లో మూడేళ్ల డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అంటే చేయక తప్పదు, చేస్తే డబ్బు రాదు. డిగ్రీకి కావాల్సిన సంతకం మేనేజరు చేతిలో ఉన్నప్పుడు విద్యార్థి దేనికి కాదనగలడు? ఉద్యోగికి యూనియన్ ఉంది, రాజీనామా ఉంది. ఇంటర్న్‌కు ఉన్నది లాగ్‌బుక్ ఒక్కటే.

కాలేజీలు ఈ పాపంలో భాగస్వాములు. ఒప్పందాల సంఖ్య చూపించుకోవడానికి బ్యాంకులతో కాగితాలు మార్చుకుంటాయి. ఆ తర్వాత పిల్లవాడు శాఖలో ఏ బల్ల దగ్గర ఉన్నాడో చూడటానికి మెంటర్ గుమ్మం తొక్కడు. వైవాలో "రిటైల్ బ్యాంకింగ్ అనగానేమి?" అని అడిగి మార్కులు వేసేస్తారు. ఏం అమ్మావు, ఎవరికి అమ్మావు, ఏం చెప్పి అమ్మావు అన్న ప్రశ్న అడిగే అధ్యాపకుడు నాకు కనబడలేదు.

6. ఆశ చూపించే ఉద్యోగం ఏపాటిది?

టార్గెట్ దాటితే ఉద్యోగం అంటారు. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు, ప్రొబేషనరీ ఆఫీసరు కొలువులు ఐబీపీఎస్, ఎస్‌బీఐ పరీక్షల ద్వారా వస్తాయి. నువ్వెన్ని ఖాతాలు తెరిపించావన్నదానికి అక్కడ ఒక్క మార్కు లేదు. మిగిలింది ప్రైవేటు బ్యాంకుల ఫ్రంట్‌లైన్ అమ్మకం ఉద్యోగం. దాని సంగతి రిజర్వు బ్యాంకే 2023-24 బ్యాంకింగ్ ధోరణుల నివేదికలో రాసింది: కొన్ని ప్రైవేటు బ్యాంకుల్లో, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుల్లో ఉద్యోగుల వలస ఎక్కువగా ఉంది, సగటున 25 శాతం దాకా. నలుగురిలో ఒకరు ఏడాదిలో వదిలిపోయే కుర్చీని విద్యార్థికి బహుమతిగా చూపిస్తున్నారు. అలాంటి కుర్చీలు ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉంటాయి కాబట్టే ఆశ చూపడానికి ఇబ్బంది లేదు.

ఆ ఉద్యోగం చేసుకునేవాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు జీతం ఉంది, శిక్షణ ఉంది, లైసెన్సు ఉంది. ఆ మూడూ లేకుండా అదే పని చేయించుకుని దాన్ని అవకాశం అనడమే నా అభ్యంతరం.

7. సంఖ్య కోసం నడిచే బ్యాంకు ఎక్కడ తేలుతుందో చూశాం

టార్గెట్ మనిషిని చురుగ్గా ఉంచుతుందన్నవాళ్లు అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకును గుర్తు చేసుకోవాలి. ఒక్కో ఖాతాదారుకు వీలైనన్ని ఉత్పత్తులు అంటగట్టమని సిబ్బంది మీద ఒత్తిడి పెట్టింది. సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండా వాళ్ల పేర్ల మీద ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. 2020లో అదే వ్యవహారంలో 300 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మొదట వేటు పడింది ఎక్కువగా కింది మెట్టు సిబ్బంది మీద.

మన దగ్గరా ఈ జబ్బు ఉంది. 2014లో జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాక సున్నా నిల్వ ఖాతాల సంఖ్య తగ్గించి చూపాలన్న ఒత్తిడిలో కొన్నిచోట్ల బ్యాంకు సిబ్బందే ఖాతాల్లో ఒక్కో రూపాయి వేశారని 2016లో పత్రికలు బయటపెట్టాయి. మంచి పథకానికి కూడా సంఖ్యే లక్ష్యమైతే ఇలా అవుతుంది. జీతం తీసుకుని, నిబంధనలు తెలిసిన ఉద్యోగులే ఈ ఒత్తిడికి లొంగిపోతే, ఇరవై ఏళ్ల విద్యార్థి ఎలా నిలబడతాడు? బ్యాంకింగ్‌తో అతని మొదటి పరిచయమే సంఖ్య పూజతో మొదలైతే రేపు అతను మేనేజరు అయ్యాక తన ఇంటర్న్‌లకు ఏం నేర్పుతాడు? ఈ వాదం వల్ల పెద్ద నష్టం ఇదే. రెండు నెలల శ్రమ దోపిడీ చేసిన గాయం మానుతుంది. ఖాతాదారును వేటగా చూసే చూపు పోదు.

8. కావలసినవి ఇవి

ఇంటర్న్‌షిప్ ఎత్తేయమని నేను అనను. శాఖలో కూర్చుని నేర్చుకునేది మరెక్కడా దొరకదు, అందుకే దాన్ని పాడుచేయడం మీద ఇంత కోపం. విద్యార్థికి ఏ ఉత్పత్తి మీదా టార్గెట్ ఉండకూడదు. బీమా, మ్యూచువల్ ఫండ్ గురించి సర్టిఫికెట్ లేనివాడు ఖాతాదారు ముందు నోరు తెరవకూడదు. బంధువుల జాబితా అడగకూడదు. ఎవరి కాగితమూ విద్యార్థి ఫోన్‌లోకి ఎక్కకూడదు. డిపాజిట్లు, రుణాలు, క్లెయిములు, ఫిర్యాదులు: నాలుగు బల్లల దగ్గరా విడివిడిగా రోజులు కేటాయించి, ఏ బల్ల దగ్గర ఏం నేర్చుకున్నాడో లాగ్‌బుక్‌లో అక్కడి అధికారి చేత రాయించాలి. అమ్మకం కూడా చూడనివ్వండి, లైసెన్సున్న ఉద్యోగి పక్కన నిలబడి, నోరు మూసుకుని. కనీసం దారి ఖర్చులకూ భోజనానికీ సరిపడే స్టైపెండ్ ఇవ్వాలి.

వీటిలో ఏదీ బ్యాంకుకు మోయలేని భారం కాదు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఈ షరతులు రాయించుకోవడం కాలేజీ బాధ్యత. ఒప్పుకోని శాఖకు విద్యార్థుల్ని పంపకపోవడం కూడా దాని బాధ్యతే. "మేమూ అలా తిరిగే పైకొచ్చాం" అనే పెద్దలకు ఒకటే మనవి: మీరు తిరిగింది ఉద్యోగంలో చేరాక, జీతం తీసుకుని. మా చేత తిప్పుతున్నది చదువు పేరు చెప్పి, ఊరికే. ఈ రెండూ ఒకటే అనేవాళ్లు ముందు తమ జీతం వదులుకుని రెండు నెలలు గొడుగు కింద నిలబడి చూపించాలి. అంతవరకూ టార్గెట్ పెట్టి విద్యార్థి చేత అమ్మించడాన్ని ఇంటర్న్‌షిప్ అని పిలిచే హక్కు ఏ బ్యాంకుకూ, ఏ కాలేజీకీ లేదు.